గ్లిజరిన్ ముట్టని సెట్టు

చచ్చిపోయిన మనిషికి ముక్కు దురద పెట్టకూడదు. పెడుతోంది. కెమెరా ఇంకా తిరగడం లేదు, లైట్లు సర్దుతున్నారు, కావాలంటే చెయ్యెత్తి హాయిగా గోక్కోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అయినా ఆమె కదల్లేదు. కట్టింది శవం వేషమే అయినా వేషం వేషమే. పైగా ఇన్నేళ్లలో ఇంత సుఖమైన వేషం ఎప్పుడైనా దొరికిందా? మాటల్లేవు, నడకల్లేవు, జుట్టు చెదిరినా పరవాలేదు, మెడ దాకా దుప్పటి కప్పించుకుని కళ్లు మూసుకుని పడుకుంటే చాలు, కూతురి వేషం వేసే పిల్ల వచ్చి మీద పడి ఏడుస్తుంది. పొద్దున బయల్దేరుతుంటే ఇంట్లో ఆయన పేపరు దించకుండానే, “ఇవాళే పోతున్నావన్నమాట,” అన్నాడు. “ఆఁ, మధ్యాహ్నం భోజనాల్లోపు పోతా,” అంది తను. “సరే, వచ్చేటప్పుడు కుక్కరు గాస్కెట్ పట్రా, ఆవిరంతా పక్కల్నుంచే పోతోంది.” గాస్కెట్. మర్చిపోకూడదు. పెద్ద కుక్కరుదా, చిన్నదాందా? అడగనే లేదు.

కళ్లు మూసుకుంటే ఫ్లోరంతా చెవుల్లోకి వచ్చేస్తుంది. అదిగో నిచ్చెన ఈడుస్తున్నారు. ఇటుపక్క ఎవరో ప్లైవుడ్ గోడకి మేకు కొడుతున్నారు, నిన్నటిదాకా అది పోలీస్‌స్టేషన్ గోడ, ఇవాళ ఆసుపత్రి గోడ, రంగు వాసన ఇంకా పోలేదు. స్టాండుకి వేలాడే సెలైన్ సీసాలో ఉన్నది కుళాయి నీళ్లు. ఫ్యాన్లు ఆపేశారు, చప్పుడు రికార్డవుతుందని. దుప్పటి కింద వీపు చెమటలు పడుతోంది, చెమట పట్టే శవం, బాగుంది. దుప్పటి కిందే కుడి గుప్పిట్లో చిన్న సీసా, వేలెడంత, మూత కాస్త వదులుగా. ఎందుకు తెచ్చిందో తనకే సరిగ్గా తెలీదు. తెలుసు. తెలిసే తెచ్చింది. పక్క నుంచి పిప్పరమెంటు వాసన వచ్చింది, ఆమె కళ్లు తెరవకుండానే డైరెక్టరు వచ్చాడని గ్రహించింది. చుట్ట మానేసిన నాటి నుంచీ ఆయన నోట్లో పిప్పరమెంటు బిళ్ల. దేశమంతా దండలేసిన దర్శకుడు, ఆయన సినిమా అంటే చదువుకున్నవాళ్లూ చదువుకోనివాళ్లూ ఒకే వరసలో నిలబడేవాళ్లు. “చచ్చిపోయి కూడా అందంగానే ఉన్నావే అమ్మాయ్,” అన్నాడు మంచం మీదకి వంగి. ఆమె పెదవులు మాత్రం కదిపి, “చచ్చాక పొగిడితే ఏం లాభం సార్,” అంది. నిచ్చెన మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనా నవ్వాడు. పాత నవ్వే. ఆ నవ్వు కోసం ఒకప్పుడు నిప్పుల్లో నడవమన్నా నడిచేది.

అమ్మాయ్. తన ముందు నాయికనీ అలాగే పిలిచాడు, తన తరవాత వచ్చినవాళ్లనీ అలాగే పిలిచాడు, పేరు తడబడే ప్రమాదం లేదు. షాట్ బాగా వస్తే మాత్రం ఇంకో మాట అనేవాడు: బంగారం. గట్టిగా కూడా కాదు, కుర్చీలోంచి లేస్తూ, తనలో తను అనుకున్నట్టు. ఆ ఒక్క మాట వినపడితే ఆ రోజు అన్నం సయించేది, వినపడకపోతే పక్క మీద దొర్లుతూ ఎక్కడ తప్పు చేశానా అని తెల్లారేదాకా ఆలోచించేది. ప్రేమా? ఆ మాట పేపర్లవాళ్లు రాశారు. ప్రేమైతే బాగుండేది, ప్రేమకి ఇంట్లోవాళ్లు అడ్డుపడతారు, స్నేహితులు బుద్ధి చెబుతారు, పోట్లాడి విడిపోవచ్చు. దీనికి పేరేమిటో ఎవరికీ తెలీదు, కాబట్టి అడ్డుపడేవాళ్లూ లేరు. “ఆయన చేతిలో పడ్డావు, అదృష్టవంతురాలివి,” అనేవారు అందరూ. చేతిలో పడ్డం. ఎంత సరిగ్గా అనేవారో.

ఇంకో సంగతికి కూడా ఆయన ప్రసిద్ధి. ఆయన సెట్లో గ్లిజరిన్ ఉండదు. తక్కిన సినిమాల్లో కన్నీళ్లన్నీ దాని చలవే, కంటి కింద ఓ చుక్క రాస్తే చాలు, మండి నీళ్లు కారతాయి. ఈయన మాత్రం, “నా సెట్లో ఆ సీసా కనిపిస్తే మేకప్ వాళ్లని అప్పటికప్పుడు ఇంటికి పంపిస్తా, దొంగ కన్నీళ్లు నేను తెర మీద ఇట్టే పట్టేస్తా,” అని ప్రతి సభలోనూ చెప్పేవాడు, జనం చప్పట్లు కొట్టేవారు. మరి అసలు కన్నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు, మొదటి సినిమా మొదటి ఏడుపు సీను దాకా. ఎన్నిసార్లు చేసినా కళ్లు పొడిగానే ఉన్నాయి, వెనక అందరూ విసుక్కుంటున్నారు, సిగ్గుతో చెమటలు. అప్పుడాయన లేచొచ్చి భుజం మీద చెయ్యేసి చెవి దగ్గర వంగాడు. అప్పట్లో చుట్ట వాసన. “అమ్మాయ్, కంగారుపడకు. మీ అమ్మకి బాగాలేదట, ఇప్పుడే ఫోనొచ్చింది. షాట్ అవ్వగానే కారు సిద్ధంగా ఉంటుంది.” అంతే. తరవాత ఏం చేసిందో ఆమెకు తెలీదు, జనానికి తెలుసు, ఆ సీను ఇప్పటికీ టీవీలో వేస్తారు. కట్ అన్నాక ఆయన దగ్గరకొచ్చి, “బంగారం. మీ అమ్మకేం కాలేదు, గుండ్రాయిలా ఉంది,” అన్నాడు. అందరూ చప్పట్లు. ఆమె కూడా ఏడుస్తూ నవ్వేసి ఆయనకి దండం పెట్టింది. దండం! అమ్మని చంపి బతికించినందుకు. ఆ సినిమాలో అత్త వేషం వేసిన పెద్దావిడ, అంతకు ముందు ఆయన సినిమాల్లో నాయిక, కుర్చీలో కూర్చుని అంతా చూస్తూ ఉందావిడ. దగ్గరికి పిలిచి తన చేతిరుమాలిచ్చి, “మొదటిసారి కదే, అలవాటైపోతుంది,” అంది. ఓదార్పనుకుంది అప్పుడు. ఆవిడకి ఎవరిని చంపాడో అడగాల్సింది.

అమ్మకి ఫోన్ చేసి చెబితే అమ్మ పగలబడి నవ్వింది. పోన్లేవే, నా పుణ్యాన నీకు పేరొచ్చింది, అంది. ఆ తరవాత కొత్త సినిమా మొదలైనప్పుడల్లా, “ఈసారి నన్ను చంపారా, ఉంచారా? కూర పొయ్యి మీద పెట్టొచ్చా?” అని అడిగేది. అమ్మ గొంతు ఎలా ఉండేది? కాస్త గరుకు, జలుబు చేసినట్టు. తర్వాతి రెండు సినిమాల్లోనూ ఆయన అదే మాట చెవిలో ఊదాడు. అబద్ధమని తెలిసీ ఆమె ఏడ్చింది, ఎందుకంటే తెలిసినా ఓ మూల, ఒకవేళ నిజమైతే? ఆ ఒకవేళ మీదే ఆయన సినిమాలన్నీ నిలబడ్డాయి. తన తరవాత వచ్చిన ఆ నవ్వుమొహం పిల్లకి అమ్మానాన్నా లేరు, చంపడానికి ఎవరూ దొరకలేదు, అందుకని షెడ్యూలంతా ఆ పిల్లతో ఎవరూ మాట్లాడకూడదని హుకుం వేశాడు. టీ ఇచ్చే మనిషి కూడా మాట్లాడలేదట. ఆ పిల్ల మొహంలో ఒంటరితనం ఎంత బాగా పట్టుకున్నాడో అని మెచ్చుకున్నారు. ఇప్పుడామె బట్టల దుకాణం నడుపుకుంటోంది, కనిపిస్తే గలగలా మాట్లాడుతుంది, కానీ ఎదుటివాళ్లు ఒక్క క్షణం మౌనంగా ఉంటే, “ఏమైంది, నా మీద కోపమొచ్చిందా?” అని చెయ్యి పట్టేసుకుంటుంది.

“మేడమ్, గడ్డం కొంచెం పైకి,” అన్నాడు కెమెరామన్. ఎత్తింది. “ఆఁ, అంతే. ఊపిరి మరీ కనిపిస్తోంది.” పొట్టతో కాకుండా పైపైన పీల్చడం మొదలెట్టింది. ఊపిరి దాచుకోవడం తనకొకరు నేర్పాలా.

నాలుగో సినిమా. అవుట్‌డోరు. పెద్ద మైదానం, గాలి. ఈసారి ఆయన రాలేదు, ప్రొడక్షన్ మేనేజర్ వచ్చాడు, మొహం పాలిపోయి, చేతులు నలుపుకుంటూ. “అమ్మా, ఇంటి దగ్గర్నుంచి... మీ అమ్మగారు...” అంటుంటే ఆమెకు నవ్వొచ్చింది. నిజంగా నవ్వింది. “పోయిందా మళ్లీ? సార్‌కి చెప్పండి, మా అమ్మ పాతబడిపోయింది, ఈసారి కొత్తదేదైనా ఆలోచించమని.” మేనేజర్ దర్శకుడి వంక చూశాడు. ఆయన కుర్చీలో కూర్చునే ఉన్నాడు. ఆయనకి తెలుసు. ఆ సంగతి ఆమెకు తరవాత తెలిసింది, ఫోన్ ముందు ఆయనకే వచ్చింది. చెయ్యెత్తి, “టేక్ చేద్దాం,” అన్నాడు. తను చేసింది. చక్కగా, మెళకువగా, ఎక్కడ గొంతు పూడుకోవాలో ఎక్కడ తల తిప్పుకోవాలో లెక్క చూసుకుని ఏడ్చింది, కట్ అన్నాక ఆయన వైపు తిరిగి గర్వంగా, “బంగారమేనా సార్?” అని అడిగింది. ఆయన తల తిప్పుకున్నాడు. కారు సిద్ధంగా ఉంది. ఈసారి నిజంగానే ఉంది. ఇల్లు చేరేదాకా కారులో ఆమె నవ్వుతూనే ఉంది, డ్రైవర్‌తో, “మీరు కూడా భలే నటిస్తున్నారే,” అంది. వీధి మలుపులో ఇంటి ముందు చెప్పులు కనిపించేదాకా. గేటు దాకా వరసలు వరసలుగా చెప్పులు.

ఆ తరవాత ఆమె ఆయన సినిమా చెయ్యలేదు. తలపొగరెక్కిందన్నాడు ఆయన, విశ్వాసం లేని మనిషన్నాడు, పేపర్లు వేశాయి. ఆమె వేరేవాళ్ల సెట్లో అడుగుపెట్టింది, మొదటి ఏడుపు సీను వచ్చింది, చెవిలో ఎవరొచ్చి ఏం చెబుతారా అని బిగుసుకుని కూర్చుంటే మేకప్ అమ్మాయి వచ్చి కంటి కింద చల్లగా ఏదో రాసింది. మండింది. నీళ్లు కారాయి. ఓ చుక్క జారి పెదవి మీదకొచ్చింది, నాలుక తగిలింది. తియ్యగా ఉంది. పంచదార పాకంలా. ఆమె అలాగే నిలబడిపోయింది. ఇంతేనా? ఈ చుక్క తియ్యటి నీళ్లకి బదులా ఇన్నాళ్లూ మా అమ్మని చంపాడు? అందరూ షాట్ కోసం ఎదురుచూస్తుంటే ఆమెకు మాత్రం ఆ తీపి మీదే ధ్యాస. తరవాత నేర్చుకుంది, పట్టుబట్టి నేర్చుకుంది. కంటిని మందుకి వదిలేసి మొహాన్నీ గొంతునీ వేళ్లనీ తన చేతిలో ఉంచుకోవడం. ఎవర్నీ చంపక్కర్లేదు. ఇప్పుడామెకి ఏడుపంటే కుళాయి తిప్పడం, ఏడ్చి వచ్చి అదే నిమిషంలో, బియ్యం కడిగావా అని ఇంటికి ఫోన్ చెయ్యగలదు. ఎన్ని తల్లి వేషాలేసినా, ఎన్ని కొంగులు తడిపినా, సాయంత్రానికి మనిషి మనిషిలాగే ఇంటికొస్తుంది. మరి ఇన్నాళ్లకి మళ్లీ ఈయన సినిమా ఎందుకు ఒప్పుకుంది? వేషం బాగుంది, అదో కారణం. ఆయన పెద్దవాడైపోయాడు, మెత్తబడ్డాడని అందరూ అన్నారు. పైగా తనకిప్పుడు ఆయనంటే భయం లేదు. శవం చెవిలో చెప్పడానికి ఏముంటుంది?

మరి ఈ పిల్ల? కూతురి వేషం వేస్తున్న పిల్ల, ఆయన కొత్త అమ్మాయ్. మొదటిరోజు ఏమని పిలవాలో తెలీక గింజుకుంటుంటే, “ఆంటీ అంటే ఊరుకోను, మేడమ్ అంటే పలకను, పిన్నీ అను,” అని చెప్పింది. అప్పట్నుంచి పిన్నీ పిన్నీ అని వెనకాలే. నాన్నకి గుండె ఆపరేషనై ఎన్నాళ్లో కాలేదు. పొద్దున మేకప్ గదిలో ఆయన తలుపు దగ్గర ఆగి ఎంత ఆప్యాయంగా అడిగాడు: “నాన్నకెలా ఉందమ్మాయ్? మందులు సరిగ్గా వేసుకుంటున్నాడా?” ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది. సరిగ్గా ఇలాగే తననీ అడిగేవాడు, మీ అమ్మ మోకాళ్ల నొప్పులెలా ఉన్నాయి అని. ఆయన వెళ్లాక పిల్ల కళ్లు మెరుస్తున్నాయి. “సార్ ఎంత మంచివారో పిన్నీ, రోజూ నాన్న గురించి అడుగుతారు.” అప్పుడే చెప్పేయాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ ఏమని చెబుతుంది, మంచిగా అడుగుతున్నాడు, జాగ్రత్త, అనా? సీసా తీసి చూపించి, “ఇది దగ్గరుంచుకో,” అంటే పిల్ల అదేదో బాంబైనట్టు వెనక్కి జరిగి, “అమ్మో, సార్‌కి తెలిస్తే చంపేస్తారు! నేను నిజంగానే ఏడుస్తాను,” అంది. అందుకని సీసా శవం గుప్పిట్లోకి వచ్చింది.

“సైలెన్స్,” అన్నారెవరో. పిల్ల వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది, సబ్బు వాసన, గాజుల చప్పుడు. కెమెరా తిరిగింది. “అమ్మా,” అంది పిల్ల. గొంతు బాగుంది. భుజాలు కదిలాయి. “కట్. కళ్లేవీ? కళ్లలో ఏమీ లేదు.” మళ్లీ. అమ్మా. ఈసారి గొంతు కూడా పోయింది, భయం వచ్చి చేరింది. “కట్!” ఎక్కడో కుర్చీ జరిగింది. ఇంకోసారి, ఇంకోసారి. పిల్ల చేతులు దుప్పటి అంచు నలుపుతున్నాయి, ఆ లాగుడు మెడ దగ్గర తెలుస్తోంది. ఏం కాదే, ఒక్క నిమిషం ఊపిరి తీసుకో, అని చెప్పాలనిపించింది, శవాలు చెప్పవు. అప్పుడు పిప్పరమెంటు వాసన. దగ్గరికి, ఇంకా దగ్గరికి. ఆయన పిల్ల చెవి దగ్గర వంగాడంటే ఆమె మొహం మీద వంగినట్టే. ప్రతి మాటా వినపడింది.

“అమ్మాయ్, కంగారుపడకు. మీ నాన్నకి మళ్లీ నొప్పొచ్చిందట, ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. షాట్ అవ్వగానే కారు సిద్ధంగా ఉంటుంది.”

కారు. అదే కారు. ఒక్క అక్షరం మార్చలేదు, ఇన్నేళ్లయినా కొత్త మాట వెతుక్కోలేదు. పిల్ల గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది, ఏడుపు కాదు, మనిషిని నీళ్లలోకి తోసినప్పుడు వచ్చే చప్పుడు. చెప్పెయ్, అబద్ధమని చెప్పెయ్, నువ్వు వింటున్నావుగా. నోరు తెరవబోయింది. ఒకవేళ నిజమైతే? మైదానంలో తను నవ్వలేదూ? నవ్వి, బంగారమేనా సార్ అని అడగలేదూ? ఇప్పుడు తను అబద్ధమంటే పిల్ల నమ్ముతుంది, నమ్మి హాయిగా షాట్ చేస్తుంది, అక్కడ నిజంగానే తండ్రి... అబద్ధమని చెప్పకూడదు. నిజమనీ చెప్పకూడదు. అసలు చెవిలో చెప్పే మాటలే ఉండకూడదు. “కెమెరా,” అంటున్నాడాయన, గొంతులో ఆ పాత ఆత్రం. ఏముంది ఇందులో ఆలోచించడానికి? నిజమైతే ఇప్పుడే వెళ్లాలి. అబద్ధమైతే ఇప్పుడే తెలియాలి.

శవం లేచి కూర్చుంది.

ఫ్లోరులో ఎవరో కెవ్వుమన్నారు. లైట్లు కళ్లలో పొడిచాయి. సీసాని దుప్పటి మడతలో వదిలి, ముక్కు హాయిగా గోక్కుని, “నా బ్యాగు ఇలా ఇవ్వండి,” అంది ఆమె. “పడుకో, పడుకో, షాట్ నడుస్తోంది!” అన్నాడాయన. “నడవనివ్వండి సార్. వాళ్ల నాన్నకి బాగాలేదంటున్నారుగా, ముందు ఫోన్ చేస్తుంది.” మేకప్ అమ్మాయి తెచ్చిచ్చిన బ్యాగులోంచి ఫోన్ తీసి పిల్ల చేతిలో పెట్టింది. పిల్ల నంబరు చెబుతుంటే తనే నొక్కి, స్పీకరు పెట్టి, పిల్ల రెండో చెయ్యి గట్టిగా పట్టుకుంది. మోగుతోంది. మోగుతోంది. ఎవరూ తీయరేం? ఆమె గుండె కూడా ఆగింది, నిజంగానే శవమైనట్టు. “హలో, ఎవరూ?” అంది ఓ మగ గొంతు. వెనక టీవీ, క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ టప్‌మన్న చప్పుడు. “నాన్నా,” అంది పిల్ల. “నువ్వా తల్లీ! షూటింగ్ అయిపోయిందా? నాకేమే, దివ్యంగా ఉన్నా. మీ బాబాయి దొంగాట ఆడి రాణిని కొట్టేశాడు, వాడితో మాట్లాడు!”

పిల్ల ఫోన్ దించింది. నవ్వలేదు. ఆయనకి దండం పెట్టలేదు. ఆయన వంకే చూస్తూ ఉంది.

“షాట్ కోసమమ్మా,” అన్నాడాయన, పిప్పరమెంటు బిళ్ల ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకుంటూ. “నీ మంచికే. ఇదిగో, మీ పిన్ని ఇవాళ ఇంత మనిషైందంటే ఎందుకనుకున్నావు? అడుగు.”

“మా అమ్మ పోయిన రోజు కూడా షాట్ కోసమేనా సార్?” అంది ఆమె. గొంతు పెంచలేదు, గాస్కెట్ పెద్ద కుక్కరుదా చిన్నదాందా అని అడిగినట్టే అడిగింది.

ఆయన నోట్లో బిళ్ల పటుక్కున కొరికాడు. “నువ్వా షాట్ ఎప్పుడైనా చూశావా?” అన్నాడు. “నీ జన్మలో అంత బాగా చెయ్యలేదు.”

“చూళ్లేదు సార్. మీకే ఉంచేశాను.”

అప్పుడు పిల్ల మోకాళ్లు దులుపుకుని, “ఇంకో టేక్ చేద్దాం సార్,” అంది. “మీరెళ్లి కూర్చోండి. దూరంగా.”

ఆయన వెళ్లాడు. కుర్చీ కిర్రుమంది. ఆమె వెనక్కి వాలి, దుప్పటి మెడ దాకా లాక్కుని, కళ్లు మూసుకుని చచ్చిపోయింది. దుప్పటి కింద సీసా వెతికి బొటనవేలితో మూత తిప్పింది, వేళ్లు తడిశాయి, జిగురుగా. సర్దుతున్నట్టు దగ్గరికి వంగిన పిల్లతో పెదవులు కదలకుండా, “నా చెయ్యి తీసి నీ కళ్లకద్దుకో. తరవాత నీ ఇష్టం,” అంది. ఎవర్నీ తలుచుకోకు, అని కూడా చెప్పాలనుకుంది. అక్కర్లేదనిపించింది.

కెమెరా తిరిగింది. పిల్ల దుప్పటి కిందనుంచి చచ్చిపోయిన తల్లి చేతిని బయటికి తీసింది. ఆ వేళ్లని ఒక్కొక్కటీ నిమిరి, రెండు కళ్లకీ అద్దుకుంది. వెంటనే ఏడవలేదు. అమ్మ చేతిని మళ్లీ దుప్పటిలో దాచి, చలేస్తుందేమోనన్నట్టు అంచు సర్దింది, దిండు మీద వెంట్రుక ఒకటి తీసి పక్కన పెట్టింది. అప్పుడు అంది, “అమ్మా.” కడుపులోంచి. మీద వాలింది. వెచ్చటి చుక్క ఒకటి ఆమె బుగ్గ మీద పడి మెల్లగా జారింది. ఏం పిల్ల! ఆ వెంట్రుక సంగతి ఎవరు చెప్పారు దీనికి? ఎవరూ చెప్పలేదు. ఇంకో చుక్క. అది పెదవి మూలకొచ్చి ఆగింది. శవం నాలుక కదపకూడదు, కదపలేదు, ఆపుకోవడం మాత్రం ముక్కు దురద కంటే కష్టమైంది.

“కట్,” అన్నాడాయన. కుర్చీ జరిగింది. తరవాత వినపడింది, తనలో తను అనుకుంటున్నట్టు: “బంగారం.” ఆ వెంటనే గట్టిగా, అందరికీ: “చూశారా? ఎంత గొడవైనా చివరికి నిజం కన్నీరు వచ్చి తీరింది! గ్లిజరిన్‌తో వస్తుందా ఇది?” నిచ్చెన మీంచి చప్పట్లు మొదలయ్యాయి.

పిల్ల ఇంకా ఆమె గుండెల మీదే ఉంది. భుజాలు అదురుతున్నాయి, ఈసారి నవ్వుకి. “పిన్నీ,” అంది దుప్పట్లోకి, “ఎలా వచ్చింది?”

ఆమె పెదవి తడుపుకుంది.

“తియ్యగా.”